అప్పు చేసిన తాత దొరికాడు

మా ఆయన తరఫున ఒక తాత ఉన్నాడు. తాత అంటే ముత్తాతకి ముత్తాత వరస. 1790ల్లో అమెరికాలోని వర్జీనియా నుంచి కొండలు దాటి కెంటకీ వచ్చాడనీ, జార్జ్ వాషింగ్టన్ కింద కెప్టెన్‌గా చేశాడనీ, వాషింగ్టనే మెచ్చుకుని భూమి రాసిచ్చాడనీ మా అత్తగారు చెప్తారు. ఆవిడకి వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకి ఇంకెవరో. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెత ఆవిడకి చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చేది గానీ కోడలిని కదా, ఊరుకునేదాన్ని.

నోరు ఊరుకుంది గానీ బుర్ర ఊరుకోలేదు. మా తాతయ్య కరణం. 1984లో ఎన్టీఆర్ కరణీకాలు తీసేసేదాకా ఊళ్ళో ఏ పొలం ఎవరిదో, ఎవరి గట్టు ఎవరు కలుపుకున్నారో ఆయన లెక్కల్లో ఉండేది. నిజంగా భూమి వచ్చుంటే ఎక్కడో ఒక చోట కాగితం ఉంటుంది, అన్నది మా ఇంట్లో పాలతో పాటు పట్టే నమ్మకం. అందుకని ఆ తాతని వాళ్ళ కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు పుస్తకాల్లో వెతకడం మొదలుపెట్టాను.

కోర్టు ఎందుకు, జనాభా లెక్కలు చూడొచ్చు కదా అంటారా? కెంటకీకి 1790, 1800 జనాభా లెక్కల పత్రాలు మిగల్లేదు. తర్వాతవి ఉన్నా, 1850 దాకా ఇంటి పెద్ద పేరొక్కటే రాశారు, మిగతావాళ్ళంతా వయసుల వారీగా గళ్ళలో గీతలు. చర్చి పుస్తకాలు అడవిలో ఎక్కడివి? మిగిలింది కోర్టు. పైగా ఆ కాలపు కౌంటీ కోర్టు అంటే నేరాలు విచారించే చోటు మాత్రమే కాదు. వీలునామాలు అక్కడే, పెళ్ళి హామీపత్రాలు (ఈ పెళ్ళికి అడ్డేమీ లేదని పూచీ పడే కాగితాలు) అక్కడే, భూమి దస్తావేజులు అక్కడే, ఫలానా వాగు దగ్గర్నుంచి ఫలానా మిల్లు దాకా రోడ్డు ఎవరు బాగుచెయ్యాలి, సారాయి కొట్టులో పెగ్గు ఎంతకమ్మాలి, తోడేలు తల తెచ్చినవాడికి ఎంతివ్వాలి, తండ్రి పోయిన పిల్లాడిని ఏ పని నేర్చుకోవడానికి ఎవరి దగ్గర పెట్టాలి, అన్నీ అక్కడే. బెంచీ మీద కూర్చునేవాళ్ళు కూడా చాలామటుకు ఊళ్ళో నాలుగెకరాలు ఎక్కువున్న ఆసాములే, లాయర్లు కారు. నెలకోసారి కోర్టు రోజున జనమంతా వచ్చేవాళ్ళు, గుర్రాలు అమ్ముకునేవాళ్ళు, పాత కక్షలు తీర్చుకునేవాళ్ళు.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. తన పని తాను చేసుకుని, బాకీలు పడకుండా, ఎవరితోనూ గొడవ పెట్టుకోకుండా పోయిన మనిషి ఈ పుస్తకాల్లో దాదాపు కనపడడు. మనకి కావలసింది మంచి తాత కాదు, దావా పడ్డ తాత.

ఎలా వెతకాలో నేర్చుకోవడానికి నేను లింకన్ వంశాన్ని పట్టుకున్నాను. అమెరికాలో ఇంతలా తవ్విన వంశం ఇంకోటి ఉండదు, అయినా ఆ ఇంట్లో చెప్పుకున్న కథకీ కాగితానికీ పొంతన కుదరలేదు. అధ్యక్షుడు అబ్రహాం లింకన్ తాతగారి పేరు కూడా అబ్రహామే. వర్జీనియాలో లిన్‌విల్ క్రీక్ దగ్గర పొలం అమ్ముకుని కెంటకీ వచ్చాడు. 1859 డిసెంబరులో మనవడు తన గురించి రాసుకుంటూ, మా తాత 1781లోనో 82లోనో కెంటకీ వచ్చాడు, ఒకటి రెండేళ్ళకి అడవి కొట్టి పొలం చేసుకుంటుంటే ఇండియన్లు (అక్కడి ఆదివాసులు) పొంచి ఉండి చంపేశారు అన్నాడు. ఆ లెక్కన చావు 1784 దాటదు. మరి 1785 మే 7న జెఫర్సన్ కౌంటీలో, లాంగ్ రన్ అనే వాగు పక్కన, 400 ఎకరాలు కొలిచిన సర్వే కాగితంలో ఆ తాత బతికే ఉన్నాడు. పేరు "లింక్‌హార్న్" అని ఉంటుంది. డిప్యూటీ సర్వేయర్ విలియం షానన్‌కి చెవికెలా వినపడితే అలా రాసుకున్నాడు. అందుకే పాత కాగితాల్లో ఇంటిపేరు వెతికేటప్పుడు స్పెల్లింగ్ మీద పట్టుదల పనికిరాదు, పలికి చూసుకోవాలి.

ఆ సర్వే కాగితం నాకు భలే నచ్చింది. వాగు పక్కన గుర్తు చెక్కిన ఒక షుగర్ మేపుల్ చెట్టు దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణుంచి తూర్పుకి 300 పోల్స్ వెళ్తే ఒక పాప్లార్, ఇంకో షుగర్ చెట్టు. ఉత్తరానికి 213 పోల్స్, ఇంకా మూడో వంతు వెళ్తే బీచ్, డాగ్‌వుడ్. పడమరకి మళ్ళీ 300 వెళ్తే వైట్ ఓక్, హికరీ. అక్కణ్ణుంచి దక్షిణానికి దిగితే మొదటి చెట్టు. పోల్ అంటే 16న్నర అడుగులు, ఎకరానికి 160 చదరపు పోల్స్. 300ని 213తోనూ ఆ మూడో వంతుతోనూ గుణించి 160తో భాగించండి, సరిగ్గా 400 వస్తుంది, చిల్లర లేదు. నిజం అడవిలో, వాగులూ గుట్టలూ ఉన్న చోట, భూమి ఇంత గుండ్రటి లెక్కకి కుదరదు. ముందు ఎకరాలు అనుకుని తర్వాత గీతలు గీసినట్టుంది నాకు. గొలుసు పట్టినవాళ్ళ పేర్లు కింద ఉన్నాయి, హననియా లింకన్, జొసాయా లింకన్ అని. చెట్లకి గాట్లు పెట్టినవాడు అబ్రహామే. అంటే ఇంట్లోవాళ్ళే కొలుచుకున్నారు. గొలుసు అంటే గుర్తొచ్చింది, మన దగ్గర సర్వేయర్లు లాగిన 66 అడుగుల, వంద లింకుల గొలుసు కూడా ఇంగ్లండు నుంచి వచ్చిన ఇదే గొలుసు. దాన్ని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక పోల్. మన సెంటు ఆ గొలుసు లెక్కన సరిగ్గా వెయ్యి చదరపు లింకులు. తాతయ్య ఉంటే ఈ కాగితం చూపించేదాన్ని.

ఆ భూమి ఎవరిదన్న మాట కూడా అనుకోవాలి. 1768లో ఫోర్ట్ స్టాన్విక్స్ ఒప్పందంలో ఇరోక్వా తెగలవాళ్ళు ఈ నేలని బ్రిటిష్ వాళ్ళకి వదిలేశారు. అక్కడ వేటాడుకుంటున్న షానీ తెగవాళ్ళని ఎవరూ అడగలేదు. పొలం కొడుతున్న లింకన్ తాతని చంపినవాళ్ళ కోపానికి ఆ వెనక కథ ఉంది. సర్వే పుస్తకంలో అది ఉండదు.

తాత చనిపోయింది 1786లో అని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఒకటి రెండేళ్ళ తేడాకి ఇంత రాద్ధాంతమా అనుకోకండి, ఆస్తి మొత్తం ఆ తేదీ మీదే తిరిగింది. అప్పటికి కెంటకీ వర్జీనియాలోనే ఉంది. వీలునామా లేకుండా పోతే భూమి అంతా పెద్దకొడుక్కే అనే పాత చట్టాన్ని వర్జీనియా రద్దు చేసింది గానీ, రద్దు అమల్లోకి వచ్చింది 1787 జనవరి 1 నుంచి. తండ్రి ఇంకొన్ని నెలలు బతికి ఉంటే అందరికీ వాటా వచ్చేది. భూమి పెద్దవాడు మోర్డెకాయ్‌కి పోయింది. ఆఖరి కొడుకు థామస్, అంటే అధ్యక్షుడి నాన్న, కూలి పనులు చేసుకుంటూ ఊరూరా తిరిగాడు.

ఇంకో తిరకాసు. పొలం జెఫర్సన్ కౌంటీలో, చచ్చిపోయాక తీసిన సామాన్ల జాబితా నెల్సన్ కౌంటీలో, థామస్ పెళ్ళి హామీపత్రం వాషింగ్టన్ కౌంటీలో. తండ్రి పోయాక తల్లి పిల్లలతో అటు మకాం మార్చింది, ఆ పైన కౌంటీలే చీలిపోతూ వచ్చాయి. 1776 చివర్లో వర్జీనియా వాళ్ళు కెంటకీ అంతటినీ ఒకే కౌంటీ అన్నారు. 1780లో మూడు ముక్కలు. 1792లో రాష్ట్రం అయ్యేటప్పటికి తొమ్మిది. ఇప్పుడు 120. తెలంగాణలో పది జిల్లాలు 33 అయినప్పుడు పాత కాగితాలు ఏ కలెక్టరేట్‌లో ఉన్నాయో తెలియక తిరిగినవాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. మనిషి కదలకుండా అదే గుడిసెలో కూర్చుని ఉంటాడు, కౌంటీ మాత్రం ఆయన మీదుగా మారిపోతుంది. కాగితం ఏ ఏడు పుట్టిందో ఆ ఏటి కౌంటీలోనే చూడాలి, ఇప్పటి మ్యాప్‌లో కాదు.

ఈ చిన్న విషయం దగ్గరే లింకన్ కుటుంబానికి పెద్ద నింద పడింది. థామస్‌కి రెండో పెళ్ళి 1819లో హార్డిన్ కౌంటీ ఎలిజబెత్‌టౌన్‌లో అయింది, ఆ కాగితం అక్కడే ఉంది. మొదటి పెళ్ళి, అధ్యక్షుడి తల్లి నాన్సీ హ్యాంక్స్‌తో అయినదాని కాగితం అక్కడ దొరకలేదు. దొరక్కపోయేసరికి అసలు పెళ్ళే కాలేదని పుకార్లు. కొడుకు దేశాధ్యక్షుడై, చనిపోయాక కూడా ఆ నోళ్ళు మూతపడలేదు. తర్వాత ఎప్పటికో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో, వాషింగ్టన్ కౌంటీ కోర్టులో, 1806 జూన్ 10 నాటి హామీపత్రం బయటపడింది. జూన్ 12న జెస్సీ హెడ్ అనే మెథడిస్టు పాస్టరు పెళ్ళి చేసినట్టు పత్రం కూడా ఉంది. పక్క కౌంటీలో చూస్తే సరిపోయేది.

నెల్సన్ కౌంటీలోని ఆ సామాన్ల జాబితా కూడా ఒకసారి చదవండి. గుర్రాలు, దూడలతో ఆవులు, నాగలి, పారలు, ప్యూటర్ (తగరం కలిపిన లోహం) కంచాలు, తుపాకులు, ఈకల పరుపులు, చెక్కకి కన్నాలు వేసే రకరకాల బరమాలు. చనిపోయిన మనిషి ఇల్లంతా ఇరుగుపొరుగు నలుగురు తిరిగి ఒక్కో వస్తువుకీ ధర కట్టిన లెక్క అది. ఆయన మొహం ఎలా ఉండేదో మనకి తెలీదు గానీ, ఏ పరుపు ఎంతదో తెలుస్తుంది.

సరే, మా తాత సంగతి. ఇంటిపేరు చెప్పను, మా అత్తగారికి ఇష్టం ఉండదు. కౌంటీ గ్రీన్ రివర్‌కి దక్షిణాన. అక్కడి భూమి మొదట్లో వర్జీనియా తన సైనికుల కోసం అట్టేపెట్టింది, కెప్టెన్ కథ బహుశా అక్కణ్ణుంచే అల్లుకుని ఉంటుంది. కానీ 1797 తర్వాత సైనికులు కానివాళ్ళు కూడా వచ్చి, దున్నుకుని, రాష్ట్రానికి వాయిదాల్లో డబ్బు కట్టి పట్టా తీసుకోవచ్చు. కెంటకీ ల్యాండ్ ఆఫీసు వాళ్ళ పట్టాలు ఇంటర్నెట్‌లోనే చూడొచ్చు. మా తాతది ఆ రెండో రకం. వాషింగ్టన్ ప్రస్తావన ఎక్కడా లేదు. పన్ను జాబితాలో మొదటిసారి కనపడ్డప్పుడు 21 దాటిన మగవాడు ఒకడు, గుర్రం ఒకటి, భూమి లేదు. నేతులు తాగిన తాత!

తర్వాత ఆర్డర్ బుక్కుల్లో, అంటే కోర్టు ఏ రోజు ఏం చెప్పిందో గుమస్తా రాసిన పుస్తకాల్లో, ఆయన బతుకంతా వచ్చేసింది. ఒక రోడ్డు ముక్కకి మేస్త్రీగా వేశారు. తర్వాత ఆ రోడ్డు బాగుచెయ్యనందుకు గ్రాండ్ జ్యూరీ (తప్పులు కోర్టు ముందు పెట్టే ఊరి పెద్దల బృందం) పట్టుకుంది. కోర్టు ఆవరణలో బూతులు తిట్టినందుకు జరిమానా. పందులకీ పశువులకీ వేసే చెవి గుర్తు నమోదు చేయించాడు, ఎడమ చెవి కొస కోత, కుడి చెవికి చీలిక. ఆ రోజుల్లో కంచెలు పొలానికే గానీ పశువుకి కాదు, పందులు అడవిలో తిరుగుతుంటే ఎవరివో తెలియడానికి చెవే ఆధారం. ఇక అసలుది, కొట్టువాడు వేసిన బాకీ దావా. ఆ కట్ట నేను కెంటకీ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్‌లో, రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, చేత్తో పట్టుకుని చూశాను. అరచేయంత ప్రామిసరీ నోటు, మూడు మడతలు పెట్టి, దాంతో పాటే ఉన్న సమను వెనకాల షెరీఫ్ రాతలో "నా హద్దులో మనిషి దొరకలేదు" అని. సమను వస్తోందని తెలిసి వాగు దాటి పక్క కౌంటీకి చెక్కేసి ఉంటాడు. నోటు మీద, సంతకం ఉండాల్సిన చోట, పేరుని గుమస్తా రాసి మధ్యలో ఖాళీ వదిలితే, అందులో ఈయన గీసిన గుర్తు. అది ఇంటూ కూడా కాదు, తిరగేసిన ఏడంకె లాంటిది, ఇంకు ఒక పక్క ముద్ద కట్టి ఉంది. కెప్టెన్ గారికి సంతకం రాదు.

అత్తగారికి ఫోటో పంపించి కాస్త టెన్షన్ పడ్డాను. ఆవిడ ఫోన్ చేసి ముందు ఆ బూతులేమిటో అడిగారు. గుమస్తాలు అవి రాయరండీ, తిట్టాడని మాత్రం రాస్తారు అంటే చాలా నిరాశపడ్డారు.

ఇక్కడ వెతికేవాళ్ళకి ఒక జాగ్రత్త చెప్పాలి. అదే పేరుతో ఆ కౌంటీలో ఇద్దరున్నారు, పుస్తకంలో సీనియర్, జూనియర్ అని. తండ్రీకొడుకులే అని రాసేసుకున్న వంశవృక్షాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. ఆ రోజుల్లో ఆ మాటకి పెద్దాయన, చిన్నాయన అనే అర్థం తప్ప చుట్టరికం ఉండక్కర్లేదు, పెద్దాయన పోతే జూనియరే సీనియర్ అయిపోతాడు. మరి ఎవరు ఎవరో ఎలా తేలుతుంది? పొరుగువాళ్ళని బట్టి. మా వాడికి పూచీ పడ్డవాళ్ళు, దస్తావేజులకి సాక్షులు, రోడ్డు పనిలో కింద చేసినవాళ్ళు, అందరూ ఒకే వాగు చుట్టూ ఉన్నారు. అదే పేరున్న ఇంకొకాయన కౌంటీకి ఆ చివర. అప్పట్నుంచి నేను తాత పేరు కంటే వాగు పేరే ఎక్కువ వెతుకుతున్నాను. వలస కూడా ఇలాగే జరిగింది, ఒక్క మనిషి రాడు, నాలుగైదు కుటుంబాలు కలిసి బయల్దేరతాయి. పూచీ పడ్డ పొరుగువాడు వర్జీనియాలో ఏ కౌంటీ నుంచి వచ్చాడో పట్టుకుంటే మనవాడు కూడా సాధారణంగా అక్కడే తేలతాడు. మాకు అలాగే తేలాడు.

భూమి దావాలు ఇంకా గొప్పవి. సర్వే చేయకుండానే వర్జీనియా వారంట్లు (ఇన్నెకరాలు కొలిపించుకోవచ్చు అనే హక్కు పత్రాలు) అమ్మేసింది కాబట్టి ఒకే నేల మీద ముగ్గురు నలుగురికి పట్టాలు పడ్డాయి. డేనియల్ బూన్ అంతటివాడు కూడా భూములు పోగొట్టుకుని 1799లో మిజోరీ వెళ్ళిపోయాడు. థామస్ లింకన్ కూడా పట్టాల తగాదాలతో విసిగి 1816లో ఇండియానాకి పోయాడు, కొంత బానిసత్వం వల్ల, ముఖ్యంగా పట్టాల వల్ల అని కొడుకే రాశాడు. ఇరవై, ముప్ఫై ఏళ్ళ తర్వాత కోర్టు ముసలివాళ్ళని పిలిచి ఆ గాటు పెట్టిన చెట్టు ఎక్కడుండేదయ్యా అని అడిగేది. ముసలాయన ముందు తన వయసు "అరవై మూడు, అటూ ఇటుగా" అని చెప్పి, ఏ ఏడాది ఎవరితో వచ్చాడో, ఎవరి గుడిసెలో చలికాలం గడిపాడో చెప్పుకుంటూ పోతాడు. గుమస్తా అన్నీ రాస్తాడు. పుట్టిన తేదీ ఇంకెక్కడా దొరకనివాళ్ళకి ఇదే జనన ధ్రువీకరణ పత్రం.

ఆ కట్టలు అన్ని కౌంటీల్లోనూ మిగిలితే బాగుండేది. అంతర్యుద్ధంలో, 1864 డిసెంబరులో, హైలన్ లైయన్ అనే కాన్ఫెడరేట్ (దక్షిణాది పక్షం) జనరల్ పశ్చిమ కెంటకీ మీదుగా వెళ్తూ కోర్టుహౌసులు ఒకదాని తర్వాత ఒకటి తగలబెట్టించాడు, యూనియన్ (ఉత్తరాది పక్షం) సైనికులు వాటిలో మకాం పెడుతున్నారని. కొన్ని చోట్ల పుస్తకాలు ముందే బయటికి తెచ్చుకున్నారు. మా కౌంటీ అదృష్టం బాగుంది.

2024 నుంచి ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైట్ వాళ్ళు ఈ చేతిరాత పుస్తకాలని కంప్యూటర్ చేత చదివించి, ఏ మాట టైప్ చేసినా వెతికే వీలు పెట్టారు, ఉచితంగా. ఇదివరకు ఇండెక్స్‌లో పేరుంటేనే దొరికేది. ఇండెక్స్‌లో ఎక్కేది వాది, ప్రతివాది మాత్రమే, సాక్షీ పూచీదారూ కారు. ఇప్పుడు వాగు పేరు కొడితే మొత్తం ఊరు లేచి వస్తుంది. తప్పులు చదువుతుంది, పాతకాలపు పొడుగు ఎస్‌ని ఎఫ్ అనుకుంటుంది, అయినా సరే.

అలా వెతికితేనే మా తాత సామాన్ల జాబితా దొరికింది. అందులో గుర్రాలకీ, విస్కీ పీపాలకీ మధ్య ఒక ఆడమనిషి, ఒక పిల్లవాడు ఉన్నారు, పక్కన ధరతో. ఆవిడకి ఒక్క మాట పేరు, పిల్లవాడికి అదీ లేదు. పేదరైతులం, మనకి బానిసలెక్కడివి అని ఇంట్లో ఇన్నాళ్ళూ అనుకున్నది. తర్వాతి పుస్తకంలో పంపకం ఉంది. చీటీలు వేసి పంచుకున్నారు, తల్లి ఒక కూతురి వాటాకి, పిల్లవాడు ఇంకో కొడుకు వాటాకి వెళ్ళారు. అది చదివాక నాకు ఆ తిరగేసిన ఏడంకె మీద ఉన్న మురిపెమంతా పోయింది.

1850, 1860 లెక్కల్లో బానిసల జాబితాలు వేరే ఉన్నాయి గానీ అందులో యజమాని పేరు, వీళ్ళ వయసు, ఆడా మగా, రంగు, దాదాపు అంతే. చాలామంది పేర్లు జనాభా లెక్కల్లోకి ఎక్కింది 1870లోనే. దానికి ముందు తమ వాళ్ళని వెతుక్కునే నల్లజాతి కుటుంబాలకి ఇలాంటి వీలునామాలూ పంపకాలే దారి, అదీ యజమాని ఇంటిపేరు తెలిస్తేనే. మా అత్తగారు ఆ రెండు పేజీలూ నా చేత పూర్తిగా టైప్ చేయించి, ఎవరి ఇంటి కాగితమో దాచకుండా రాయించి, కౌంటీ లైబ్రరీలో వంశచరిత్ర గదికి పంపించారు. వద్దని ఒకరిద్దరు చుట్టాలు ఫోన్లు చేశారు, ఆవిడ వినలేదు.

తల్లిని వాటాగా తీసుకున్న కూతురి కుటుంబం మిజోరీకి వెళ్ళినట్టు ఒక దస్తావేజులో ఉంది. అక్కడి ప్రొబేట్ పుస్తకాలు (వీలునామాలూ ఆస్తి పంపకాలూ ఉండేవి) నేను ఇంకా తెరవలేదు. వచ్చే నెల అత్తగారు మా ఇంటికి వస్తున్నారు, ఈసారి ఇద్దరం కూర్చుని ముందు ఆ తల్లి పేరు కొట్టి చూస్తాం.